పెట్టెలో సైకిల్: విమానం ఎక్కే ప్రయాణం వెనక ఉన్న కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక పెట్టె చరిత్ర చెప్పుకుందాం. సైకిల్‌ని విమానంలో తీసుకెళ్ళే పెట్టె. "పెట్టెకి చరిత్ర ఏముందండీ, దుకాణంలో గట్టిగా ఉన్నది చూసి కొనుక్కుంటే పోలా?" అని మీరు అడగొచ్చు. ఆ "గట్టిగా" అన్న మాట దగ్గరే అసలు చిక్కంతా ఉంది. ఎక్కడ గట్టిగా ఉండాలి? ఏ దెబ్బకి తట్టుకోవాలి? ఇది తెలియాలంటే మనకంటే ముందు సైకిల్‌ని మోసుకెళ్ళినవాళ్ళు ఏం చేశారో ఒకసారి చూడాలి.

ముందు, పెట్టె సరిగ్గా లేకపోతే పోయేదేమిటో చెబుతాను. ఫ్రాన్సులో పారిస్-బ్రెస్ట్-పారిస్ అని ఒక సైకిల్ యాత్ర ఉంది. 1891లో మొదలైంది. ఇప్పుడు నాలుగేళ్ళకి ఒకసారి జరుగుతోంది. 1,200 కిలోమీటర్లు, 90 గంటల గడువు. మన హైదరాబాద్ నుంచి కూడా వెళ్తున్నారు. అర్హత రావాలంటే అదే ఏడాది 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవేలు నాలుగూ గడువులోపల పూర్తి చెయ్యాలి. రాత్రిళ్ళు తొక్కి, సెలవులు కూడబెట్టి, వీసా తెచ్చుకుని, తీరా పారిస్‌లో పెట్టె తెరిస్తే ఫ్రేమ్‌కి పగులు కనిపించిందనుకోండి. డబ్బు సంగతి తర్వాత, నాలుగేళ్ళ ఎదురుచూపు అక్కడే ఆగిపోతుంది.

సరే, కథలోకి వద్దాం. థామస్ స్టీవెన్స్ అనే ఆయన 1884 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బయల్దేరి 1886 డిసెంబరులో జపాన్‌లోని యోకోహామా చేరాడు. ముందు చక్రం మనిషి ఎత్తుకి దగ్గరగా ఉండే పాతకాలపు సైకిల్ మీద ప్రపంచం చుట్టాడు. మన దేశంలో లాహోర్ నుంచి కలకత్తా దాకా గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీద తొక్కాడు. సముద్రం వచ్చినచోట ఓడ ఎక్కాడు. ఆయన సామాను ఎంత? మేజోళ్ళు, ఒక చొక్కా, రాత్రి గుడారంగా కూడా పనికొచ్చే వానకోటు, ఒక పిస్తోలు. అంతే! ఆ రోజుల్లో సైకిల్ అంటే ఇనుము. వంగితే కొట్టి సరిచేసుకోవచ్చు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

ఆ తర్వాత సైకిల్‌ని చిన్నది చెయ్యాలన్న ఆలోచన గట్టిగా పట్టుకున్నది సైన్యాలు. 1890లలో ఫ్రెంచి సైన్యంలో కెప్టెన్ జెరార్డ్ పేరుతో మడత సైకిల్ వచ్చింది. దారి బాగుంటే సైనికుడు సైకిల్ మీద, దారి లేకపోతే సైకిల్ సైనికుడి వీపు మీద. అదీ ఏర్పాటు.

ఇటలీలో ఇంకో కథ. 1927 నవంబరులో తుల్లియో కంపాన్యోలో అనే పందెగాడు కొండదారిలో వెళ్తుంటే చలికి వేళ్ళు కొంకర్లు పోయి చక్రం నట్టు విప్పలేకపోయాడని చెబుతారు. అప్పట్లో గేరు మార్చాలంటే వెనక చక్రం ఊడదీసి తిప్పి పెట్టుకోవాలి మరి. ఈ కథలో నిజమెంతో అన్న వాదన ఉంది గానీ, ఒక్క మీట లాగితే చక్రం చేతికొచ్చే క్విక్ రిలీజ్ ఆయన పేరుతోనే ప్రపంచానికి అలవాటైంది. పందెం కోసం వచ్చిన ఆ మీటే ప్రయాణానికీ దారి తీసింది. చక్రాలు స్పానర్ లేకుండా క్షణాల్లో ఊడితేనే కదా, సైకిల్ పెట్టెలో పడుకునేది!

ఇక రెండో ప్రపంచ యుద్ధం. బీఎస్ఏ ఎస్ఎల్ఆర్ సైకిల్ పేరు మన ఊళ్ళలో వినని ఇల్లు ఉండేది కాదు. ఆ బీఎస్ఏ అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్, తుపాకులు చేసిన కంపెనీ. పారాచూట్ దళాల కోసం వాళ్ళు మడత సైకిల్ తయారుచేశారు. 1942 నుంచి 1945 దాకా సుమారు 70,000 చేశారు. సైనికుడు సైకిల్‌తో సహా విమానంలోంచి దూకేవాడు. ఇక్కడే మనకి పనికొచ్చే పాఠం ఉంది. సైకిల్ నేలకి తగిలేటప్పుడు హ్యాండిల్, సీటు ముందు తగిలేలా కట్టేవాళ్ళు, చక్రాలు కాదు. ఎందుకంటే హ్యాండిల్ కాస్త వంకరైనా తొక్కొచ్చు. చక్రం వంకరైతే ఆ సైకిల్ మోత బరువే. అంటే వాళ్ళు దెబ్బ తగలకుండా చూడాలనుకోలేదు. తగిలే దెబ్బ ఏ భాగం మీద పడాలో ముందే తేల్చుకున్నారు.

యుద్ధం అయిపోయాక సామాన్యులు విమానాలు ఎక్కడం మొదలైంది. అప్పుడు సైకిల్‌కి కొత్త ప్రత్యర్థి వచ్చింది: కొలత. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిపి 62 అంగుళాలు, అంటే 158 సెంటీమీటర్లు. చాలా విమాన కంపెనీలు మామూలు లగేజీకి పెట్టే హద్దు అది. ఆ కొలతకి సైకిల్‌ని తగ్గించే ప్రయత్నాలు జరిగాయి. ఇంగ్లండ్‌లో అలెక్స్ మౌల్టన్ 1962లో చిన్న చక్రాల సైకిల్ తెచ్చాడు. 1983లో వచ్చిన ఆయన సైకిల్ రెండు ముక్కలుగా విడిపోతుంది. 1990లలో అమెరికాలో స్టీల్ ఫ్రేమ్‌ని కోసి, మధ్యలో మరలున్న జోడింపులు అతికే పద్ధతి వచ్చింది. దాని పెట్టె 26, 26, 10 అంగుళాలు. కూడి చూడండి, సరిగ్గా 62! ఒరెగాన్‌లో పుట్టిన బైక్ ఫ్రైడే వాళ్ళయితే ఇంకో అడుగు ముందుకేశారు. సూట్‌కేసులోంచి సైకిల్ తీశాక, ఆ సూట్‌కేసుకే చక్రాలు తగిలించి వెనక బండిలా లాక్కెళ్ళొచ్చు.

తర్వాత కార్బన్ ఫ్రేములు వచ్చాయి. కథ అడ్డం తిరిగింది. కార్బన్ తేలిక, తొక్కేటప్పుడు బలం. కానీ పక్కనుంచి ఒకచోట పొడిస్తే చిట్లుతుంది. ఇనుములా కొట్టి సరిచేసేది కాదు. కోసి జోడించడం కూడా తేలిక కాదు. అందాకా సైకిల్ పెట్టెకి సర్దుకుంది, ఇప్పుడు పెట్టె సైకిల్‌కి సర్దుకోవాల్సి వచ్చింది. అలా వచ్చినవే ఇవాళ ఎయిర్‌పోర్టుల్లో కనిపించే పెద్ద ప్లాస్టిక్ పెట్టెలు.

ఇంతకీ పగిలితే నష్టం ఎవరిది? దీనికీ ఒక చరిత్ర ఉంది. 1929 నాటి వార్సా ఒప్పందం పరిహారాన్ని బరువుతో లెక్కకట్టింది. కిలోకి ఇంత అని. చాలాకాలం టికెట్ల మీద కిలోకి 20 డాలర్లని ఉండేది. 20 కిలోల పెట్టెకి 400 డాలర్లన్నమాట. సైకిల్ ఎంత తేలికైతే అంత ఖరీదు, కానీ అంత తక్కువ పరిహారం! 1999 మాంట్రియల్ ఒప్పందం దీన్ని మార్చి ప్రయాణికుడికి ఇంత అని పెట్టింది. మన దేశం 2009లో అందులో చేరింది. 2024 డిసెంబరు 28 నుంచి ఆ హద్దు 1,519 ఎస్‌డీఆర్‌లు, సుమారు 2,000 డాలర్లు. మంచి కార్బన్ సైకిల్ ఖరీదు అంతకు మించుతుంది. చెక్-ఇన్ దగ్గర ఎక్కువ విలువ రాయించి, అడిగిన రుసుము కట్టే వీలు ఆ ఒప్పందంలోనే ఉంది. దెబ్బతింటే 7 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి. అందుకే నేను అందరికీ చెప్పేది ఒకటే: పెట్టె మూసేముందు ఫొటోలు తియ్యండి, దిగాక ఎయిర్‌పోర్టు దాటకముందే తెరిచి చూడండి.

ఇప్పుడు ఎంపిక. గట్టి పెట్టె ఖాళీగానే 10 నుంచి 13 కిలోలు ఉంటుంది. 9 కిలోల సైకిల్ వేస్తే 22. హద్దు 23 అయితే బూట్లు, పనిముట్లు వేరే సంచిలోకే. మెత్తటి బ్యాగు కాస్త తేలిక, ఇంట్లో చోటు తక్కువ పడుతుంది, కానీ పక్క దెబ్బకి అడ్డు తక్కువ. అట్టపెట్టె సైకిల్ షాపులో అడిగితే దొరుకుతుంది. ఒక ఊళ్ళో దిగి ఇంకో ఊళ్ళోంచి తిరిగొచ్చేవాళ్ళకి అదే నయం. తడిస్తే మాత్రం పని అయిపోయినట్టే.

పెట్టె కొనేటప్పుడు బయటి గోడని వేలితో కొట్టి చూస్తాం. నేనైతే మూత తెరిచి లోపల చూడమంటాను. రెండు గోడలూ లోపలికి నొక్కుకుపోకుండా మధ్యలో కడ్డీ ఉందా? చక్రాలకీ ఫ్రేమ్‌కీ మధ్య అడ్డు ఉందా? పట్టీలు బిగిస్తే, ఊపినప్పుడు సైకిల్ కదులుతోందా? ఎంత గట్టి పెట్టెలోనైనా సైకిల్‌ని సైకిలే పొడుస్తుంది. పెడల్, ఆక్సిల్, డిస్క్ ఇవన్నీ ఆయుధాలే. ఊడదీసి విడిగా చుట్టండి. చక్రం తీసిన ఫోర్క్ మధ్యలో, వెనక ఫ్రేమ్ మధ్యలో చిన్న ప్లాస్టిక్ దన్ను పెట్టండి. వెనక గేరు మార్చే డిరైలర్‌ని విప్పి లోపలికి కట్టండి. దాన్ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే హ్యాంగర్ ముక్క ఫ్రేమ్‌ని కాపాడటానికి ముందు తనే వంగేలా చేసింది. ఒక్కో మోడల్‌కి ఒక్కోటి, పరాయి ఊళ్ళో దొరక్కపోవచ్చు. ఒకటి అదనంగా దగ్గర పెట్టుకోండి.

చూశారుగా, ఆనాటి పారాచూట్ సైనికుడి లెక్కే ఇది కూడా. దెబ్బ తప్పదు, అది దేని మీద పడాలో మనమే తేల్చుకోవాలి.