అడ్డం పెట్టిన చెయ్యి

మా నాన్న ఎడం చెయ్యి పూర్తిగా చాపలేడు. కొల్లేటి లంకలో చేపల చెరువు గట్టు మీద కూలి డబ్బులడిగిన రోజున నెత్తికి అడ్డం పెట్టిన చెయ్యది. లాఠీ దాని మీదే పడింది. ఏలూరు తీసుకెళ్లి కట్టు కట్టించాం.

గుంపుని బలంతో చెదరగొట్టే అధికారం 1898 నాటి తెల్లోళ్ల చట్టంలో 128వ సెక్షను. 1973లో 129 అయింది. 2024 జులై 1 నుంచి 148. అల్లరి జరుగుద్దనుకుంటే ఐదుగురున్నా చాలు. నంబర్లు మారాయి గానీ, లాఠీ ఎక్కడ పడకూడదో ఆ సెక్షన్లలో ఒక్క ముక్క లేదు. ఐక్యరాజ్యసమితి 2020 మార్గదర్శకాలు మాత్రం కొడితే చేతులూ కాళ్ల మీదేనంటాయి, తల, మెడ, వెన్ను మీద వద్దంటాయి.

ఇది చదివి వినిపిస్తే నాన్న నవ్వాడు. "అయితే నన్ను రూలు ప్రకారమే కొట్టారన్నమాట్రా!"

ఆ రూలు నిలబెట్టింది లాఠీ కాదు. మా నాన్న చెయ్యి.