మత్తుమందు – మనస్సు

హుస్సేనుసాగరమున కిరువైపుల వెలసిన సికింద్రాబాదు, హైదరాబాదు నగరములకు మత్తుమందుల చరిత్రలో ఒక స్థానము కలదు. క్లోరోఫారమువలన రోగి మరణించునపుడు ముందుగా ఆగునది శ్వాసయా, గుండెయా అను వివాదమును తీర్చుటకు 1888లోను, 1889లోను హైదరాబాదున రెండు సంఘములు పరిశోధనలు జరిపినవి. రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డు లారీ వానికి ప్రేరకుడు. రెండవ సంఘమునకై నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ వేయి పౌనులిచ్చి, లాన్సెట్ పత్రిక ప్రతినిధిగా లాడర్ బ్రంటనును లండనునుండి రప్పించెను. శ్వాసను కనిపెట్టియుండిన చాలునని సంఘము తేల్చెను. ఆ తీర్పు నిలువలేదు. తేలికపాటి మత్తులోనే గుండె లయ తప్పి ఆగవచ్చునని 1911లో లెవీ నిరూపించెను. అయినను, మందు నిచ్చువారు దేనిని కనిపెట్టవలెనను ప్రశ్న మాత్రము నేటికిని మిగిలియున్నది.

స్థానిక మత్తుమందుల విషయమున ఆ ప్రశ్నయే మఱొక రూపము దాల్చినది. ఇందు రోగికి స్పృహ పోదు; కోయు చోటు మాత్రమే మొద్దుబారును. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కొకెయినుతో కంటి నొప్పిని పోగొట్టి ఈ మార్గమును తెరచెను. అమెరికా శస్త్రవైద్యుడు హాల్‌స్టెడ్ దానిని తనపైననే ప్రయోగించుకొని వ్యసనమునకు లోనయ్యెను. అధికముగా వాడినవారికి చర్మముక్రింద పురుగులు ప్రాకుచున్నట్లు భ్రమ కలిగెడిది. 1905లో ప్రొకెయిను వచ్చి ఆ వ్యసనభయమును తొలగించెను. 1943లో స్వీడనునందు లిగ్నొకెయిను తయారయ్యెను.

మనస్సుపై ప్రభావము మాత్రము పూర్తిగా పోలేదు. మోతాదు మించినను, సూది పొరపాటున రక్తనాళములో దిగినను మందు మెదడును చేరును. పెదవులు తిమ్మిరెక్కుట, చెవులలో హోరు, అలజడి, అతిగా మాటాడుట, తికమక – ఇవి మొదటి గుర్తులు, మూర్ఛ తరువాతిది. ప్రొకెయిను పెన్సిలిను సూది వేసిన వెంటనే కొందరు చావు ముంచుకొని వచ్చినదని కేకలు వేయుటను, లేని రూపములు చూచుటను 1959లో స్విట్జర్లాండు వైద్యుడు హోయ్న్యే వర్ణించెను. ఆ భయము సాధారణముగా కొలది నిమిషములలో తగ్గును. అది పిరికితనము కాదు, పిచ్చి కాదు, గాలిచేష్టయు కాదు. మందు చేసిన పని.

కావున మేము చెప్పదలచినది ఒక్కటే. సూది వేసిన పిదప రోగి “ఏమో అగుచున్న”దన్నచో అతనిని కసరరాదు. తక్షణమే వైద్యునకు తెలుపవలెను. ఊపిరిని, నాడిని చూచునట్లే అతని మాటను గూడ వినవలెను. మెలకువగా నున్న రోగి విషయమున ప్రమాదమును ముందుగా చాటునది తరచుగా అతని నోటి మాటయే.