పందెం ముగిశాక గుర్రానికి ఏ చట్టం దిక్కు?

బందరు నుంచి తీరం వెంట దక్షిణంగా పోతే మోటుపల్లి వస్తుంది. ఇవాళ అది బాపట్ల జిల్లాలో చిన్న ఊరు, కాకతీయుల కాలంలో పెద్ద రేవు. అక్కడి వీరభద్రాలయంలో గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఉంది. తుపానుకు ఓడలు పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే పూర్వపు రాజులు వాటిలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ లాక్కునేవారనీ, తాను సుంకం తప్ప మరేమీ ముట్టననీ రాజు అందులో మాట ఇచ్చాడు. గొప్ప మాటే. కానీ అభయం దొరికింది వర్తకుడికి. గుర్రం మాత్రం బంగారం పక్కన సరుకుగానే మిగిలింది.

కుతుబ్‌షాహీల నాటికి ఆ రేవు వైభవం బందరుకు దక్కింది. 17వ శతాబ్దంలో ఇక్కడ బట్టలు ఎక్కించుకుని పారశీక తీరానికి వెళ్లిన ఓడలు తిరుగు ప్రయాణంలో గుర్రాలు తెచ్చేవి. సముద్రం దాటి వచ్చిన జంతువు గనుక ఖరీదెక్కువ.

1860 నాటి భారతీయ శిక్షాస్మృతి కూడా ఆ ఖరీదు లెక్కే వేసింది. 429వ సెక్షన్‌లో ఏనుగు, ఒంటె, గుర్రం, కంచరగాడిద, గేదె, ఎద్దు, ఆవు పేర్లు వరసగా ఉండేవి. వీటిని చంపితే విలువ ఎంతైనా సరే, ఐదేళ్ల దాకా జైలు. మిగతా జంతువైతే కనీసం 50 రూపాయల విలువ చేయాల్సి ఉండేది. మామూలు గాడిదకు ఆ వరసలో చోటు దక్కలేదు. అయినా ఆ సెక్షన్ చూసేది ఒకరి సొత్తుకు మరొకరు చేసిన నష్టాన్ని. యజమానే తన గుర్రాన్ని కసాయికి అమ్ముకుంటే ఏం చేయాలన్నది దానికి పట్టని విషయం. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయసంహిత ఈ విలువల పట్టిక తీసేసింది గానీ, 325వ సెక్షన్ కూడా నష్టం అన్న పునాది మీదే నిలబడింది.

ఇక పందేలు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ హయాంలో, 1886లో, హైదరాబాద్ గుర్రప్పందేలు మౌలాలి నుంచి మలక్‌పేటకు మారాయి. పందెం జూదం కాదు, నైపుణ్యానికి సంబంధించిన ఆట అని 1996లో మద్రాసు రేస్ క్లబ్ వ్యవహారంలో సుప్రీంకోర్టు తేల్చింది. కాసేవాడి హక్కు అలా ఖాయమైంది. మరి పరుగెత్తేదాని సంగతి? పాతికేళ్లు బతకగల థరోబ్రెడ్ జాతి పందెపు గుర్రం ట్రాక్ మీద ఉండేది కొద్ది సీజన్లే. తరువాత అదృష్టం బాగుంటే స్వారీ బడి, లేదంటే పెళ్లి ఊరేగింపు.

గుర్రానికి మనం పడ్డ రుణం పందేలతోనే ఆగదు. పాముకాటు మందు తయారయ్యేది కూడా గుర్రాల రక్తం నుంచే. 2018లో దివిసీమను పాములు హడలగొట్టినప్పుడు మోపిదేవిలో సర్పయాగం చేయించారు. ఆస్పత్రిలో మనుషుల ప్రాణాలు నిలిపింది మాత్రం గుర్రం రక్తమే. ఆ రుణం ఎవరికీ గుర్తు రాలేదు.

పందెం ముగిసిన గుర్రం ఏమవుతుందన్న ప్రశ్నతో అమెరికాను కదిలించింది ఫెర్డినాండ్ కథ. 1986లో కెంటకీ డెర్బీ గెలిచి, మరుసటి ఏడాది అక్కడి మేటి గుర్రమనిపించుకున్న ఫెర్డినాండ్‌ను సంతానోత్పత్తి కోసం జపాన్‌కు అమ్మారు. అక్కడ దాని అవసరం తీరిపోయాక 2002లో కబేళాకు చేరిందని మరుసటి ఏడాది బయటపడింది. 1998లోనే కాలిఫోర్నియా ఓటర్లు తిండికోసం గుర్రాలను చంపడాన్ని నిషేధించారు. 2007లో దేశంలోని చివరి గుర్రపు కబేళాలు మూతపడ్డాయి. అయినా గుర్రాల లారీలు కెనడా, మెక్సికోలకు వెళుతూనే ఉండటంతో న్యూయార్క్ రాష్ట్రం 2021 డిసెంబరులో పందెపు గుర్రాలకూ, వాటి సంతతి పెంచే గుర్రాలకూ ప్రత్యేకంగా చట్టం తెచ్చింది. వాటిని వ్యాపారానికి వధించడం, అందుకోసం అమ్మడం నేరమైంది. దీనికి తినేవాడి క్షేమమూ ఒక కారణం. పందెపు గుర్రాలకు నొప్పి తగ్గించడానికి వాడే ఫినైల్‌బ్యూటజోన్ మాంసంలో ఉంటే మనిషికి ప్రమాదం.

మన దగ్గర అలా పేరు పెట్టి కాపాడిన చట్టం లేదు. ఉమ్మడి రాష్ట్రపు 1977 గోవధ నిషేధ చట్టం పశువుల వరకే. రుక్మిణీదేవి అరండేల్ పట్టుదలతో వచ్చిన 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో తొలి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఇప్పుడు ఆ 50తో గుర్రానికి ఒక పూట గడ్డి కూడా రాదు. కాస్త గట్టి అడ్డుకట్ట 2011 నాటి ఆహార ప్రమాణాల నిబంధనల్లో ఉంది. అందులోని మాంసపు జంతువుల జాబితాలో గుర్రమూ లేదు, గాడిదా లేదు.

జాబితాలో లేకపోవడం ఎంత బలహీనమైన రక్షణో గాడిదలు చెప్పగలవు. ఆ మాంసం తింటే ఒంట్లో సత్తువ వస్తుందనీ, ఉబ్బసం తగ్గుతుందనీ నమ్మి కృష్ణా, గుంటూరు, ప్రకాశం, పశ్చిమ గోదావరి జిల్లాల్లో జనం కొన్నారు. పొరుగు రాష్ట్రాల నుంచి కూడా గాడిదలను తెచ్చి కోశారు. 2022 అక్టోబరులో బాపట్ల ప్రాంతంలో పోలీసులు 400 కిలోలకు పైగా మాంసం పట్టుకున్నారు. దేశంలో 2012లో 3.2 లక్షలున్న గాడిదలు 2019 గణనకు 1.2 లక్షలకు పడిపోయాయి. ఇంతా జరిగింది ఆ నిబంధన అమల్లో ఉండగానే.

కాబట్టి మౌనంగా వదిలేసిన జాబితాలతో పని జరగదు. గుర్రం, గాడిద, కంచరగాడిదల వధను పేరు పెట్టి నిషేధించాలి. పందెం నుంచి తప్పుకున్న ప్రతి గుర్రం ఎవరి చేతికి వెళ్లిందో రేస్ క్లబ్బు నమోదు చేసి ప్రభుత్వానికి చూపించాలి. ఆ లెక్క చూపించని క్లబ్బుకు మరుసటి సీజన్ లైసెన్సు ఇవ్వకూడదు.