ఉరుముకు పుట్టిన దుంప

నా నవల ఒకదానిలో ఫ్రెంచి దొరసాని విందు రాస్తూ వెండి పళ్లెంలో ట్రఫుల్స్ వడ్డించాను. వడ్డించి ఊరుకున్నా బాగుండేది. "గొడుగులు విప్పిన నల్లని పుట్టగొడుగులు" అని వర్ణన కూడా తగిలించాను. వారం తిరక్కుండా ఓ పాఠకురాలి ఉత్తరం. "ట్రఫుల్‌కి గొడుగెక్కడిదండీ? అది మట్టిలో దుంపలా ఉంటుంది. అసలు మీ ముందు పెడితే గుర్తుపడతారా?"

బి.ఏ.లో చరిత్ర చదువుకున్న నాకు శిలీంధ్రాల సంగతేం తెలుసు! సిగ్గుపడి పుస్తకాలు ముందేసుకున్నాను. తీరా చూస్తే ఇక్కడ బోల్తాపడ్డవాళ్లలో నేను మొదటిదాన్నేమీ కాదు.

1వ శతాబ్దపు రోమన్ పండితుడు ప్లినీ ఓ ముచ్చట చెప్పాడు. స్పెయిన్‌లో లార్షియస్ లిసీనియస్ అనే అధికారి ట్రఫుల్ కొరికితే లోపల వెండి నాణెం తగిలి ముందు పళ్లు వంగాయట! ఇంకేం, మట్టే ఉండకట్టి ట్రఫుల్ అవుతుందని ప్లినీ తేల్చేశాడు. ఉరుములకు పుడతాయా అని ప్లూటార్క్ ఏకంగా చర్చే పెట్టాడు. నవ్వకండి. ఉరిమితే పుట్టగొడుగులు లేస్తాయని మా అమ్మమ్మా అనేది. కాకపోతే మనవాళ్లు అది దొరికే చోటుని పేరులోనే పెట్టుకున్నారు, పుట్టగొడుగు అని. ఆ చోటు విలువ పండితులకు చాలా ఆలస్యంగా తెలిసింది.

1831లో మిలాన్ డాక్టరు విట్టాడినీ ట్రఫుల్స్ మీద పెద్ద గ్రంథమే రాశాడు. కోసి చూడమన్నది ఆయన దారి. వేసవి ట్రఫుల్ పైన పెద్ద పెద్ద పిరమిడ్ బుడిపెలు, లోపల లేత గోధుమరంగు. చలికాలపు నల్ల ట్రఫుల్‌కి బుడిపెలు చిన్నవి, కండ ఊదా కలిసిన నలుపు, దాన్నిండా సన్నని తెల్లని చారలు. దీనికాయన పెట్టిన పేరు మెలనోస్పోరమ్, అంటే నల్లని సిద్ధబీజాలు కలది. మైక్రోస్కోపులో చూస్తే దీని బీజాలకు ముళ్లుంటాయి, వేసవిదాని బీజాల మీద తేనెపట్టులాంటి గళ్లుంటాయి.

సరే, రూపం తెలిసింది. మరి చోటు? అది ఫ్రాన్సులో జోసెఫ్ తాలోన్ అనే రైతుకి అంతకుముందే, 19వ శతాబ్దం తొలినాళ్లలోనే తట్టింది. ట్రఫుల్స్ దొరికే ఓక్ చెట్ల కిందనుంచి గింజలేరి సున్నపురాతి నేలలో నాటాడు. చెట్లు ఎదిగాక వాటి కిందా ట్రఫుల్స్ వచ్చాయి! నల్ల ట్రఫుల్ ఉన్న చెట్టు చుట్టూ గడ్డి చచ్చి, నేల కాలిపోయినట్టుంటుంది. పల్లెవాళ్లకదే గుర్తు.

ఎందుకిలా అన్నది మాత్రం 1885 దాకా ఆగింది. ట్రఫుల్స్ పండించే ఉపాయం చూడమని ప్రష్యా ప్రభుత్వం పురమాయిస్తే, ఫ్రాంక్ అనే ప్రొఫెసరు చెట్ల వేళ్లు తవ్వి చూశాడు. వేళ్ల కొసలను శిలీంధ్రం తొడుగులా కప్పేసి ఉంది. చెట్టుకి అది నీరూ లవణాలూ అందిస్తుంది, చెట్టు దానికి తిండి పెడుతుంది. ఈ కాపురానికాయన మైకోరైజా అని పేరు పెట్టాడు.

ఇక్కడితో కథ కంచికి వెళ్లిందనుకున్నాను. వెళ్లలేదు. 1892లో మన హిమాలయాల ట్రఫుల్ ఒకదానికి ఇండికమ్ అని పేరు పెట్టారు. చూపుకి మెలనోస్పోరమ్‌కి కవలే. సువాసన మాత్రం అంతంత. 1990ల నుంచి చైనా సరుకుగా ఇది యూరపు బజారుకెక్కి, ఖరీదైన దాని పేరుతో చెలామణీ అయింది. నల్ల ట్రఫుల్ కోసం పెంచిన ఇటలీ తోటలోనే దీని వేళ్ల కాపురం బయటపడిందని 2008లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. పట్టిచ్చింది డి.ఎన్.ఏ. పరీక్ష. కన్నూ ముక్కూ చాలలేదు.

పాఠకురాలికి జవాబు రాశాను. "అమ్మా, నా ముందు పెడితే గుర్తుపట్టలేను. కోసి చూస్తాను, వాసన చూస్తాను, ఏ చెట్టు కింద దొరికిందని అడుగుతాను. అప్పటికీ అనుమానం మిగిలితే, అనుమానమని ఒప్పుకుంటాను."

రెండో ముద్రణలో గొడుగులు తీసేశాను. దొరసాని విందులో ఇప్పుడు పప్పుచారు లేదు గానీ, అబద్ధమూ లేదు.