రేవు విడిచిన నీరు

బోనకల్లువంటి యూళ్లలో క్రొత్తగా వాషింగ్ మెషిన్ కొన్న యిండ్లలో తరచుగా ఎదురగు చిక్కు ఒకటి కలదు. మీట నొక్కినంతనే యంత్రము నీరు పోసికొన నారంభించును. పావుగంట గడచును, అరగంట గడచును, నీరు దిగుచున్న చప్పుడు వినవచ్చుచునే యుండును గాని తొట్టి నిండదు, అసలు ఉతుకుడు మొదలుకాదు. మిద్దెమీది ట్యాంకు మాత్రము ఖాళీ యగును. యంత్రము చెడినదని కొందరును, కుళాయిలో ఒత్తిడి చాలదని కొందరును, దుకాణమువాడు పాతసరుకు అంటగట్టెనని మరికొందరును తలపోయుదురు. కాని తప్పు యంత్రములోనిది కాదు. బట్టలుతుకు పని ఏటియొడ్డును విడిచి యింటిగోడల నడుమకు వచ్చినప్పుడు, నీటిని తెచ్చుకొనుట గూర్చి మనము పడిన శ్రద్ధను ఆ నీటిని సాగనంపుట గూర్చి పడకపోవుటలో దాని మూలమున్నది. ఆ కథ చెప్పుకొనదగినది.

భద్రాచలము దిక్కున వ్యాపించిన యడవులకు దూరముగా, ఖమ్మము నుండి మధిరకు పోవు రైలుదారిలో, ఒకవంక మున్నేరును మరొకవంక వైరా యేరును పారుచుండగా నడుమనున్న పత్తి, మిరప పండు సీమ యీ బోనకల్లు ప్రాంతము. ఇట్టి సీమలో ఏరు ఎల్లకాలము నిండుగా పారదు. వేసవిలో ఇసుకమేటల నడుమ సన్నని పాయయై మిగులును. ఆ పాయలోనే త్రాగునీరు, ఆ పాయలోనే పశువుల కడుగు, ఆ పాయలోనే ఊరి మైల. కావుననే త్రాగునీటికి ఇసుకలో చెలమలు తీయుచోటు ఎగువను, గొడ్లు దిగుచోటు దానికి దిగువను, చాకిరేవు అన్నిటికిని దిగువను ఉండవలెనను కట్టుబాటు పల్లెలలో ఏర్పడినది. దీనిని ఎవరును శాసనముగా చెక్కింపలేదు. ఏటియొడ్డున బ్రతికినవారు నీటి నడకను చూచి నేర్చిన విద్య యిది.

రజకుల వృత్తిలోని నేర్పు బండమీద బట్ట బాదుటయే యని తలచుట మన యజ్ఞానము. ఇల్లిల్లు తిరిగి మైలబట్టల మూట కట్టితెచ్చిన పిదప, ఏ బట్ట ఏ యింటిదో తెలియుటకు జీడిగింజ రసముతో అంచున గుర్తు పెట్టెడివారు. ఆ గుర్తు ఎన్ని ఉతుకులకును చెరగదు. అటుపిమ్మట బట్టలను చౌటినీటిలో ముంచి పిండి, నీరు మరుగుచున్న బాన మూతిమీద చుట్టలు చుట్టలుగా పేర్చి ఉబ్బకు పెట్టుదురు. చౌటిమన్నులో సహజముగా నుండు సోడాక్షారము బట్టలోని జిడ్డుతో కలిసి సబ్బుగా మారును. అడుగున మండు పొయ్యి నుండి ఆవిరి పైకెగసి పోగు పోగునకును చొచ్చి మురికిని వదలించును. రాత్రియెల్ల అట్లుంచి తెల్లవారుజామున రేవునకు తీసికొనిపోయినప్పుడు బండకు మిగులు పని స్వల్పము. పట్టుబట్టలకు కుంకుడురసము, తెల్లబట్టలకు నీలిమందు, నిలువవలసినవానికి గంజి. దేనికి ఏది తగునో, ఎంతసేపు తగునో తెలిసిన చేతులవి. నేటి యంత్రము వేడినీటితోను, సబ్బుపొడితోను, డ్రమ్ము తిప్పుటతోను చేయు పనులలో క్షారము, వేడిమి, తాడనము అను మూడును ఆ బానయొద్దను ఆ బండయొద్దను ముందే యున్నవి. జర్మనీదేశపు రేగెన్స్‌బర్గ్ నగరమున యాకోబ్ షేఫర్ అను పండితుడు 1767లో బట్టలుతుకు యంత్రమును గూర్చి గ్రంథము ప్రకటించు నాటికే ఈ విద్య మన రేవులలో పాతది. పాల్కురికి సోమనాథుని బసవపురాణములో మడివాలు మాచయ్య అను రజకభక్తుని కథ చోటు చేసికొనుటను బట్టి ఈ వృత్తివారికి భక్తిసాహిత్యమున గల స్థానమును గ్రహింపవచ్చును.

ఇంతటి నేర్పునకు దక్కిన ప్రతిఫలమును తలచుకొనినచో మనస్సు కలతపడును. కళ్ళమునొద్ద కొలిచియిచ్చు మేరగింజలే రైతుల యిండ్లనుండి వచ్చు ఆదాయము. దొరల గడీలలో ఆ మేరయును లేదు, అంతయు వెట్టియే. నిజాము పాలనలో తెలంగాణమంతట వ్యాపించిన యీ వెట్టికి ఎదురుతిరిగినవారిలో, విసునూరు దేశముఖునకు జంకక పాలకుర్తిలో తన పంటను నిలుపుకొన్న చిట్యాల ఐలమ్మ రజకకులమున పుట్టినదే. ఆ పోరాటపు గాలి ఖమ్మము సీమలోను బలముగా వీచినది. బట్టలుతుకు పని ఇంటిలోనికి వచ్చుటను గూర్చి వ్రాయునప్పుడు, అది సుఖము కోరి మాత్రమే వచ్చినది కాదనియు, వెట్టి నశించిన పిదప ఎవరి మైల వారే కడుగుకొనవలెనను న్యాయము కూడ దానిలో నున్నదనియు నేను నమ్ముచున్నాను.

ఇక నీరు వచ్చిన త్రోవ. నిజాము రైలుమార్గము 1889లో బెజవాడను చేరినది. బొగ్గుబండి ఇంజనులకు దాహము మెండు; వానికొఱకు పెద్ద స్టేషనులలో ఎత్తైన కట్టడములపై ఇనుపతొట్లు నిలిపి, పైనుండి నీటిని వదలెడివారు. నీటిని ఎత్తున నిలిపినచో అది తన బరువుచేతనే క్రిందికి వచ్చును; నేడు ప్రతి మిద్దెమీదను కనబడు నల్లని ట్యాంకు అనుసరించు ఈ సూత్రమును ఈ ప్రాంతపు జనులు తొలుత చూచినది బహుశః అక్కడనే. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము నుండి 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలబడెను. ఎడమకాలువనుండి చీలిన శాఖలలో ఒకటి బోనకల్లు పేరనే పిలువబడుచున్నది. ఆ పిమ్మట చేతిపంపులు, బోరుబావులు, వీధికుళాయిలు వచ్చినవి. 2016 ఆగస్టు 7న గజ్వేలు నియోజకవర్గములోని కోమటిబండలో ఆరంభమైన మిషన్ భగీరథ ఇంటింటికి కుళాయి అను సంకల్పముతో సాగెను.

నీరు చేరినది గాని, దాని బలము ఇంటింటికి వేరు. ట్యాంకులోని నీటిమట్టము కుళాయికన్న ఎన్ని మీటర్లు ఎత్తున నున్నదో అన్ని పదియవ వంతుల కిలోల బరువు చదరపు సెంటీమీటరునకు కలుగును. ఒకే అంతస్తు ఇంటిపై నేరుగా కూర్చుండబెట్టిన ట్యాంకు కుళాయికి మూడు మీటర్ల ఎత్తుననున్నచో ఒత్తిడి మూడు పదియవ వంతులు మాత్రమే. కొన్ని యంత్రములకు అది చాలును, కొన్నిటికి చాలదు. దానికితోడు బోరునీటిలోని సున్నపుఉప్పులు నీటిగొట్టము యంత్రమును కలియుచోటనున్న సన్నని జాలిలో పేరుకొని దారిని మూయును. జాలిని తీసి కడిగిన మాత్రముననే ఎన్నో యంత్రములు బాగుపడును. ట్యాంకును మరికొంత ఎత్తున నిలుపుట రెండవ ఉపాయము.

కాని మొదట చెప్పిన చిక్కు దీనివలన కలుగదు. నీరు ధారాళముగా వచ్చుచుండగనే తొట్టి నిండకుండుటకు కారణము వెనుకనున్న ముడుతల గొట్టము. యంత్రము వాడిన నీటిని బయటకు పంపు ఆ గొట్టమును, ముందు తలుపు గల యంత్రములలో ముఖ్యముగా, రెండడుగులకు తక్కువ కాకుండ పైకెత్తి కట్టవలెను. మన యిండ్లలో దానికై గోడలో మార్గముండదు. స్నానాలగది నేలమీది జాలిమూతయే గతి. కావున గొట్టమును నేలపై పరచి కొనను ఆ రంధ్రములో పెట్టుదురు. కొన తొట్టిలోని నీటిమట్టమునకు దిగువనున్నది. పోసిన నీరు పోసినట్లే జారిపోవును. గొట్టమును పైకెత్తినను, దాని కొనను మురుగుపైపులోనికి గాలి చొరకుండ బిగించి లోతుగా దించినచో, మోటారు ఒకమారు నీటిని తోడిన పిదప ఆ ధార తెగక, మోటారు ఆగినను నీరు తనంత తానుగా పోవుచునే యుండును. దీనినే సైఫన్ అందురు; అలెగ్జాండ్రియా నగరపు హెరాన్ క్రీస్తుశకము మొదటి శతాబ్దిలోనే దీని నడకను వివరించియున్నాడు. పరీక్ష సులభము. నీరు కొంత నిండిన పిమ్మట యంత్రమును నిలిపి, కుళాయి కట్టి, మురుగురంధ్రమునొద్ద చెవియొగ్గవలెను. మోటారు తిరుగకుండగనే నీటిచప్పుడు వినబడినచో దోషము దొరికినట్లే. గొట్టమును నడుమెత్తున కట్టి, కొనచుట్టును గాలికి సందు విడిచినచో, అంతవరకు దుకాణమువానిని తిట్టినవారు శాంతింతురు.

ఇదే సైఫన్ మరొక వేషమున కూడ బాధించును. మురుగుపైపులోని దుర్గంధము ఇంటిలోనికి రాకుండ వంపుతిరిగిన పైపులో కొంత నీటిని నిలిపి ఉంచు ఉపాయమునకు అలెగ్జాండర్ కమ్మింగ్ అను గడియారములవాడు 1775లో లండనులో హక్కుపత్రము పొందెను. మన ప్లంబర్లు నహానీ ట్రాప్ అని పిలుచు అమరికలోను అదే సూత్రము. బాల్టీతో పోయు నీటికి చాలిన ఆ సన్నని పైపులో యంత్రము ఒక్కసారిగా నీటిని గుమ్మరించినప్పుడు, వాలు చాలనిచోట నీరు జాలినుండి పైకి పొంగును. పైపు నిండుగా పారినచోట ఆ ప్రవాహము వంపులోని కావలినీటిని కూడ లాగికొనిపోయి, మరునాటి యుదయమునకు గది వాసన కొట్టును. మురుగుపైపునకు గాలిగొట్టము నిలుపక మేస్త్రీ ఇల్లు ముగించుట దీనికి హేతువు. వాసనకు ఫినాయిలు పోయుటవలన ప్రయోజనము లేదు.

రజకులు తమ రేవును ఎంచునప్పుడు మైలనీరు ఎటు పోవునో ముందు చూచి, పిదప బండను నిలిపెడివారు. మన యిండ్లలో యంత్రము వచ్చిన తరువాత మార్గము వెదకుచున్నాము. క్రొత్తగా ఇల్లు కట్టువారు నేలకు రెండున్నర అడుగుల ఎత్తున నోరు తెరచియుండు పైపు నొకదానిని యంత్రమునకై వేరుగా నిలిపి, దానికి మీటరునకు రెండు సెంటీమీటర్లకు తగ్గని వాలునిచ్చి, స్నానాలగది పైపుతో కలుపక నేరుగా వీధిమోరీలోనికి మళ్లించినచో ఖర్చు స్వల్పము. సబ్బునీటిని పెరటిలోని ఇంకుడుగుంతలోనికి విడుచుట మాత్రము త్రాగునీటి బోరు దాపున నున్నప్పుడు తగదు. దిగువను రేవు, ఎగువను చెలమ అను నియమము అక్కడను వర్తించును.

2021 ఏప్రిలు నుండి దోభీఘాట్లకును లాండ్రీలకును నెలకు 250 యూనిట్ల విద్యుత్తును తెలంగాణ ప్రభుత్వము ఉచితముగా నిచ్చుచున్నది. ఆ విద్యుత్తుతో నడుచు పెద్ద యంత్రములయొద్ద, నీటి వాలు నెరిగిన ఆ కులవృత్తివారే పనిచేయుచున్నారు. ఇంటి యంత్రపు పైపు ఎటు పోవలెనని సందేహము కలిగినవారు వారిని కూడ అడుగవచ్చును.