పులికాటు పక్షులు, తెలుగు పేర్లు

నెల్లూరు సీమ దక్షిణపు కొసను, నేలకును సముద్రమునకును నడుమ, పులికాటు సరస్సు కలదు. ఉప్పునీటి సరస్సులలో మన దేశమున చిల్కకు తరువాత దీనిదే స్థానము. కాళంగి, ఆరణి నదులు తీపినీటిని తెచ్చి కలుపును. ఇసుకమేటల నడుమ ద్వారముల గుండ సముద్రము ఉప్పునీటిని పంపును. వేసవిలో చాల మేర ఎండి ఉప్పునేల బయటపడును. వానల పిమ్మట పలుచగా నీరు నిలుచును. ఆ పలుచని నీటికే పక్షులు వచ్చును.

పులికాటనగానే చరిత్రకారులు డచ్చివారిని తలంతురు. 1613లో వెలసిన గెల్డ్రియా కోటయు, అద్దకపు బట్టల వర్తకమును అందరెరిగినవే. పక్షుల చరిత్ర వేరు. 1840 దశకమున నెల్లూరిలో వైద్యుడుగా నుండిన జెర్డను దొర యానాదుల నడిగి జీవజాలమును గూర్చి తెలిసికొనెను. 1862, 1864 సంవత్సరముల నడుమ కలకత్తాలో వెలువడిన తన పక్షిగ్రంథమున అనేక పక్షులకు తెలుగు పేర్లను గూడ చేర్చెను. మన నిఘంటుకర్తలు ‘పక్షివిశేషము’ అని సరిపుచ్చిన చోట, అడవిలో తిరుగువారు ఒక్కొక్క దానికి ఒక్కొక్క పేరు పెట్టిరి. గూడబాతు నే చూడుడు: గూడ యనగా నీరు తోడు బుట్ట. ఆ పక్షి ముక్కు క్రింది సంచిని చూచినవాడే ఆ పేరు పెట్టి యుండునని నా తలంపు.

మన కవుల హంస పాలను నీటిని వేరుచేయును. పులికాటు ఫ్లెమింగో అంతకన్న వింత పని చేయును: తల క్రిందులుగా ముక్కును బురదనీట ముంచి, నీటిని వడగట్టి సూక్ష్మజీవులను మ్రింగును, ఆ ఆహారములోని రంగే రెక్కల కెక్కును. 2025 జనవరిలో సూళ్లూరుపేటలో జరిగిన పక్షుల పండుగకు సైతము దాని ఆంగ్లనామమే పెట్టిరి.

కొలది దూరమున నేలపట్టు చెరువులో నీటికడప చెట్లపై గూడబాతులు గూళ్లు కట్టి, మేతకు పులికాటునకు పోవును. రెట్ట కలిసిన చెరువునీరు పైరుకు బలమని యెరిగిన ఊరివారు, 1976లో అభయారణ్యము వెలయుటకు ముందునుండియు వానిని కాపాడిరి. ఇది నాకు చట్టముకన్న గొప్పగా తోచును.

శ్రీహరికోట యానాదులకు మాత్రము అట్టి నిలుకడ దక్కలేదు. 1969లో ఆ దీవిని రాకెట్టు కేంద్రమునకు ఎన్నుకొనిరి. పలు కుటుంబములు అడవిని వీడవలసి వచ్చెను. సముద్రద్వారములు ఇసుకతో పూడుట నేటి మరియొక చిక్కు. నీరు మారినచో చేపలును, వానితో పక్షులును తగ్గును.

జెర్డను పేరు మోయు కలివికోడి చాలకాలము కనబడక నశించినదని పండితులు తలంచిరి. 1986లో కడప సీమ రెడ్డిపల్లె దగ్గర ఒకనాటి రాత్రి స్థానికుడైన వేటగానికి అది చేజిక్కెను.