కుక్క కరిస్తే రెండు రకాల సూదులు ఎందుకు?

కుక్క కరిచిందని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్తే కొందరికి జబ్బకు టీకా వేసి పంపిస్తారు. మరికొందరికి గాయంలో కూడా ఇంజెక్షన్‌ చేస్తారు. ‘టీకా వేశారు కదా, మళ్లీ గాయంలో సూది ఎందుకు?’ అంటూ దాన్ని వద్దనేవారు ఉన్నారు. నిజానికి ఈ రెండు మందులు చేసే పనులు వేరు. టీకా మన శరీరానికి వైరస్‌తో పోరాడటం నేర్పుతుంది. శరీరం నేర్చుకునేలోపు కాపలా కాసేది రెండో మందు. రేబిస్‌ లక్షణాలు మొదలయ్యాక బతకడం దాదాపు అసాధ్యం. అందుకే ఈ తేడా అందరికీ తెలియాలి.

వైరస్‌ ఎలా వెళ్తుంది?

రేబిస్‌ సోకిన జంతువు లాలాజలంలో వైరస్‌ ఉంటుంది. అది కాటు ద్వారా కండరాల్లోకి చేరి, అక్కడి నరాల్లోకి ప్రవేశిస్తుంది. నరాల వెంట వెన్నుపాముకు, మెదడుకు చేరుతుంది. లక్షణాలు బయటపడటానికి సాధారణంగా 1 నుంచి 3 నెలలు పడుతుంది. కొందరిలో వారానికే కనిపించవచ్చు, కొందరిలో ఏడాది దాటవచ్చు. నరాల్లోకి చేరిన వైరస్‌ రోగనిరోధక వ్యవస్థకు సులభంగా దొరకదు. కాబట్టి గాయం దగ్గరుండగానే దాన్ని అడ్డుకోవాలి.

టీకా వేశాక లోపల జరిగేది ఇదీ

టీకాలో ఉండేది చంపేసిన వైరస్‌. దానివల్ల జబ్బు రాదు. చర్మంలో కాపలా ఉండే డెండ్రిటిక్‌ కణాలు దాన్ని ముక్కలు చేసి, దగ్గర్లోని లింఫు గ్రంథులకు మోసుకెళ్లి టి-కణాలకు చూపిస్తాయి. టి-కణాలు సైటోకైన్లు అనే ప్రోటీన్ల ద్వారా బి-కణాలకు సంకేతాలిస్తాయి. ఆ వైరస్‌ను గుర్తుపట్టగల బి-కణాలు లెక్కకు మించి పెరిగి యాంటీబాడీలను తయారుచేస్తాయి.

యాంటీబాడీ ఇంగ్లిష్‌ ‘వై’ అక్షరం ఆకారంలో ఉండే ప్రోటీన్‌. దాని రెండు కొనలు వైరస్‌ పైపొరపై ఉన్న ప్రోటీన్‌ను పట్టుకుంటాయి. నరకణం తలుపు తీయడానికి వైరస్‌కున్న తాళంచెవి ఆ ప్రోటీనే. దాన్ని యాంటీబాడీ కప్పేస్తే వైరస్‌ లోపలికి వెళ్లలేదు.

అయితే తగినన్ని యాంటీబాడీలు తయారవడానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ వ్యవధిలోనే వైరస్‌ నరాల్లోకి చేరే ప్రమాదం ఉంది.

గాయంలో వేసే మందు ఏమిటి?

దాని పేరు రేబిస్‌ ఇమ్యునోగ్లోబులిన్‌. ఇవి సిద్ధంగా ఉన్న యాంటీబాడీలు. టీకాలు వేసిన మనుషులు లేదా గుర్రాల రక్తం నుంచి వీటిని సేకరిస్తారు. వైరస్‌ ఉన్నచోటే పట్టుకోవాలి కాబట్టి గాయంలోకి, దాని చుట్టూ ఎక్కిస్తారు. బరువును బట్టి మోతాదు ఉంటుంది. కిలోకు మనుషుల నుంచి తీసినదైతే 20 యూనిట్లు, గుర్రాల నుంచి తీసినదైతే 40 యూనిట్లు. అంతకు మించి ఇస్తే శరీరం సొంతంగా యాంటీబాడీలు తయారుచేసుకోవడం మందగించవచ్చు.

టీకా మొదటి డోసు పడిన 7 రోజుల్లోపే దీన్ని ఇస్తారు. తర్వాత సొంత యాంటీబాడీలు రావడం మొదలవుతుంది కనుక అవసరం ఉండదు. బయటి నుంచి వచ్చిన ఈ యాంటీబాడీలు కొన్ని వారాల్లో తగ్గిపోతాయి. అందుకే ఇది వేయించుకున్నా టీకా డోసులన్నీ పూర్తిచేయాల్సిందే.

ఎవరికి ఏది?

* గాయం లేని చర్మాన్ని కుక్క నాకితే: కడుక్కుంటే చాలు.
* రక్తం రాకుండా గీరుకుంటే: టీకా.
* రక్తం వచ్చేలా కరిచినా, గీరినా, పుండుపై నాకినా, లాలాజలం నోట్లో, కంట్లో పడినా: టీకాతోపాటు ఇమ్యునోగ్లోబులిన్‌.
* రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి రక్తం రాని గీతలకూ రెండూ ఇస్తారు. క్యాన్సర్‌ చికిత్సలో ఉన్నవారు, హెచ్‌ఐవీ బాధితులు ఆ సంగతి వైద్యులకు ముందే చెప్పాలి.
* గతంలో పూర్తి కోర్సు వేసుకున్నవారికి: 0, 3 రోజుల్లో రెండు డోసులే. వారిలోని జ్ఞాపక కణాలు వెంటనే స్పందిస్తాయి. ఇమ్యునోగ్లోబులిన్‌ అక్కర్లేదు. పాత చీటీ దాచుకోవాలి.

గర్భిణులు, బాలింతలు, పసిపిల్లలు కూడా ఈ మందులు తీసుకోవచ్చు.

డోసులు ఎన్ని?

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎక్కువగా చర్మం పొరలో వేస్తారు. రెండు జబ్బలకు 0.1 మిల్లీలీటరు చొప్పున 0, 3, 7, 28 రోజుల్లో ఇస్తారు. మొదటి డోసు పడిన రోజే 0. కండరానికి వేస్తే 0, 3, 7, 14, 28 రోజుల్లో ఐదు డోసులు. నొప్పి తగ్గిందని మధ్యలో మానేయకూడదు.

వెంటనే ఏం చేయాలి?

గాయాన్ని పంపు కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. వైరస్‌ చుట్టూ ఉన్న కొవ్వు పొరను సబ్బు కరిగిస్తుంది. పసుపు, కారం, సున్నం, ఆకు పసర్లు పెట్టొద్దు. అదేరోజు దగ్గర్లోని పీహెచ్‌సీకి వెళ్లాలి. అక్కడ టీకా ఉచితం. ‘రక్తం వచ్చింది, ఇమ్యునోగ్లోబులిన్‌ కావాలా?’ అని అడగండి. అక్కడ లేదంటే మొదటి డోసు టీకా వేయించుకుని, చీటీ తీసుకుని పెద్దాసుపత్రికి వెళ్లండి. ఆ 7 రోజుల గడువు దాటనివ్వొద్దు.